వాసన ఆగిన చోట

ఆ తోళ్ల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ ముక్కురాజు అనేవారు. నిజానికి అతని ముక్కు అంత పెద్దదేమీ కాదు. కానీ ఏ పైపు కారినా, ఏ మోటారు తీగ మాడినా, ఏ డ్రమ్ములో తోలు ఒక పూట ఎక్కువ నానినా అందరికన్నా ముందు అతనికే తెలిసేది. క్యాంటీన్‌లో టీ పొడి మారిస్తే గుమ్మంలోంచే "ఏం, పాతది అయిపోయిందా?" అని అడిగేవాడు. అలాంటివాడికి దొరికిన ఉద్యోగం మురుగునీటి పంపులు చూసుకోవడం. దేవుడు ముక్కిచ్చి మురుగిచ్చాడని బావమరుదులిద్దరూ ఆటపట్టించేవారు.

ఆ బావమరుదులదీ అదే ఫ్యాక్టరీ. ఒకడు ఫిట్టరు, రెండోవాడికి డ్రమ్ముల దగ్గర పని. ఇంట్లో పిలిచినట్టే ఇక్కడా పెద్దోడు, చిన్నోడు అనే పేర్లే స్థిరపడిపోయాయి. వాళ్లిద్దరికీ అక్క ముక్కురాజు భార్య. తండ్రి లేని ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకుని తిప్పిన మనిషి కాబట్టి, పెళ్లయి ఇన్నేళ్లయినా వాళ్లు తిన్నారో లేదో తెలుసుకోనిదే తను తినేది కాదు.

తోలు మీది వెంట్రుకలు ఊడాలంటే సున్నం, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లు నేల కింద కట్టిన ఒక తొట్టిలోకి పోతాయి. తర్వాత అదే తోలును ఉప్పు, యాసిడ్ కలిపిన నీళ్లలో ఊరవేస్తారు. ఆ నీళ్లకు వేరే తొట్టి ఉంది. రెండు కాలువలూ పక్కపక్కనే పారతాయి, మధ్యలో ఒక గోడ. ఆ గోడ ఎందుకుందో ముక్కురాజుకు చెప్పింది ల్యాబ్‌లో పనిచేసే మేడమ్. అతను పంపుల పనిలో కొత్తగా చేరినప్పుడు ఆమె స్వయంగా వెంటబెట్టుకుని తిప్పి చూపించింది.

"ఈ రెండు నీళ్లూ తోడికోడళ్లనుకో. ఒకే వీధిలో ఉండొచ్చు, ఒకే వంటింట్లో ఉండకూడదు. కలిశాయంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు లేస్తుంది. గాలికన్నా బరువైనది. పైకి పోదు, గోతిలో నీళ్లు నిలిచినట్టు అడుగున నిలుస్తుంది."

"కంపు కొడుతుందిగా మేడమ్. నాకు తెలిసిపోదూ?"

"కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు కంపు. అది ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కువైతే ముక్కులో నరం మొద్దుబారిపోతుంది, వాసనే తెలియదు. ఇంకా ఎక్కువైతే రెండు మూడు గుక్కలకే మనిషి కూలిపోతాడు. ఊపిరి తీసుకోమని చెప్పేది మెదడే కదా, ఆ చెప్పడం ఆగిపోతుంది."

"అంటే నా ముక్కు ఎందుకూ పనికిరాదంటారు."

"మిగతా వాటన్నిటికీ పనికొస్తుంది. దీని దగ్గర మాత్రం నీ ముక్కే నీకు అబద్ధం చెబుతుంది. కంపు కొడుతూ కొడుతూ ఉన్నట్టుండి ఆగిపోయిందా, గ్యాసు పోయిందని సంబరపడకు. నువ్వు పోయేలా ఉన్నావని తెలుసుకుని వెనక్కి పరిగెత్తు."

ఈ మాటలు అతను ఇంట్లో కూడా చెప్పాడు. పెద్దోడు పగలబడి నవ్వాడు. "నీ ముక్కు ఆగిపోయిన రోజున ఫ్యాక్టరీయే మూసెయ్యాలి బావా" అన్నాడు.

పెద్దోడు నవ్వడానికి కారణం లేకపోలేదు. సున్నం తొట్టిలో పంపు అడుగున ఉండే జాలీకి వెంట్రుకలు చుట్టుకుని పంపు నీళ్లు లాగడం మానేసినప్పుడల్లా, ఇనుప నిచ్చెన దిగి శుభ్రం చేసేది అతనే. ఎన్నిసార్లు దిగాడో లెక్కలేదు. కాస్త కంపు, కాస్త కళ్లమంట, అంతే. పైకి ఎక్కి, తల విదిలించుకుని, టీ తాగేవాడు. ముక్కురాజు మాత్రం ప్రతిసారీ గొణిగేవాడు.

"బ్లోయర్ పెట్టి, లోపలికి గాలి కొట్టి దిగరా."

"అది మోసుకొచ్చి, వైరు లాగి, ప్లగ్గు వెతికేలోపు నేను దిగి, ఎక్కి, నీ టీ కూడా తాగేస్తా బావా."

అందులో అబద్ధమూ లేదు. ఇన్నిసార్లూ అలాగే జరిగింది.

ఆ రోజు పొద్దున్నే యాసిడ్ తొట్టి మోటారు కాలిపోయింది. తొట్టి అంచుల దాకా నిండి ఉంది. డ్రమ్ములు ఆపితే మేనేజరు ఊరుకోడు. దాంతో డ్రమ్ముల సెక్షన్‌కు కొత్తగా వచ్చిన మేస్త్రీ ఒక ఉపాయం ఆలోచించాడు. చిన్న పంపుకు గొట్టం తగిలించి, యాసిడ్ నీళ్లను గోడ అవతల ఉన్న సున్నం తొట్టిలోకి మళ్లించాడు. కాసేపే కదా, కొత్త మోటారు రాగానే తీసేద్దామనుకున్నాడు. ఎవరి ప్రాణమో తీయాలని చేసింది కాదు. తొట్టి పొర్లి నేలంతా పాడవకుండా చూడాలనుకున్నాడు, అంతే.

ముక్కురాజు ఆ సమయంలో వేరే మోటారు కోసం స్టోరుకు వెళ్లాడు. ఈలోగా సున్నం పంపు కూడా నీళ్లు లాగడం మానేసింది. పెద్దోడిని పిలిచారు. గొట్టం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. గొట్టం తొట్టికి అవతలి వైపున ఉంది, ఇటునుంచి కనబడదు. అతను మూత తీసి, పానా నడుముకు దోపుకుని, ఎప్పటిలాగే నిచ్చెన దిగాడు.

ముక్కురాజు తోపుడుబండి మీద మోటారు పెట్టుకుని తిరిగి వస్తుండగా షెడ్డు మలుపులోనే కుళ్లుగుడ్ల కంపు గుప్పుమంది. అంత కంపు ఆ ఫ్యాక్టరీలో అతను ఎన్నడూ ఎరగడు. వెంటనే చిన్నోడి కేక వినబడింది. "అన్నయ్య పడిపోయాడు! రండి, అన్నయ్య పడిపోయాడు!"

అతను బండి వదిలి పరిగెత్తాడు. మూత దగ్గర ముగ్గురు నలుగురు గుమిగూడి ఉన్నారు. ఒకడు అప్పటికే తల పట్టుకుని కూలబడ్డాడు. చిన్నోడు ఒక కాలు నిచ్చెన మీద పెట్టి, రెండో కాలు దించబోతున్నాడు. ముక్కురాజు వాడి వెనక్కి చేరిన ఆ క్షణాన కంపు ఆగిపోయింది.

తగ్గడం కాదు, ఆగిపోయింది. తోలు వాసన లేదు, సున్నం వాసన లేదు, తన చొక్కాకు పట్టిన చెమట వాసన లేదు. పుట్టి బుద్ధెరిగాక అతని ముక్కు అంత ఖాళీగా ఎన్నడూ లేదు. ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. ఊపిరి బిగబట్టి, చిన్నోడి చంకల కింద చేతులు వేసి, ఎత్తి వెనక్కి లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. వాడు లేవబోతే మళ్లీ పట్టుకుని, గాలి వీస్తున్న వైపుకు ఈడ్చుకుపోయి, బోర్లా పడదోసి మీద కూర్చున్నాడు. మిగతావాళ్లను కూడా అటే రమ్మని అరిచాడు. వాళ్లు కూలబడ్డవాణ్ణి లాక్కుంటూ వచ్చారు.

"వదులు బావా. ఊపిరి బిగబట్టి దిగుతాను. ఒక్క నిమిషం."

"ఒక్క ఊపిరితో దిగగలవురా. వాణ్ణి భుజానేసుకుని ఎక్కలేవు. మధ్యలో గాలి పీలుస్తావు. పీలిస్తే ఇద్దరూ అక్కడే ఉంటారు."

"అన్నయ్య నాకు కనబడ్డాడు బావా. నిచ్చెన కిందే ఉన్నాడు. చెయ్యి చాస్తే అందుతాడు."

"అందడు."

చిన్నోడు మోచేత్తో వెనక్కి పొడిచాడు. అది ముక్కురాజు మూతికి తగిలి పన్ను విరిగింది. నోట్లోంచి రక్తం కారుతూ వాడి మెడ మీద పడుతోంది. అయినా పట్టు వదల్లేదు. మీద కూర్చునే అందరికీ పనులు పురమాయించాడు. ఒకణ్ణి, యాసిడ్ నీళ్లు ఇందులోకి ఎటునుంచి వస్తున్నాయో వెతికి ఆపమన్నాడు. ఇంకొకణ్ణి బ్లోయర్ తెమ్మన్నాడు. ల్యాబ్ మేడమ్ అప్పటికే అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేస్తూ పరిగెత్తుకొస్తోంది. డ్రమ్ముల పనివాడొకడు మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని తొట్టి వైపు నడిచాడు. "తడిగుడ్డ దీన్ని ఆపదు, వెనక్కి రా" అని మేడమ్ గట్టిగా అరిచేసరికి నిలబడిపోయాడు.

బ్లోయర్ వచ్చింది. వైరు చాల్లేదు. ఇంకో వైరు తెచ్చి కలిపి, తొట్టి నోట్లోకి దూరం నుంచే గాలి కొట్టసాగారు. ఆ మోత మొదలయ్యాక చిన్నోడు పెనుగులాడటం మానేశాడు. ఏడవలేదు. అలా నేలకు చెంప ఆనించి తొట్టి వైపు చూస్తూ పడుకున్నాడు. ముక్కురాజు కూడా అటే చూస్తున్నాడు. వీపుల మీద గాలి సిలిండర్లు, మొహాలకు మాస్కులు తగిలించుకున్న మనుషులు వచ్చి దిగేదాకా ఎంతసేపు పట్టిందో తర్వాత విచారణలో లెక్కగట్టారు. అంతసేపూ అతనికి తెలిసింది ఒక్కటే. తన కింద చిన్నోడి గుండె దడదడా కొట్టుకుంటోంది. తొట్టిలో ఉన్నవాడి సంగతి తెలియదు.

పెద్దోడిని పైకి తెచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు ప్రయత్నించి, బయటికొచ్చి, తల అడ్డంగా ఊపాడు.

వార్త విని వచ్చిన అక్క ముందు చిన్నోడి దగ్గరికే వెళ్లింది. వాడు ఆమె భుజం మీద తల పెట్టి ఒక్క మాటన్నాడు. "బావ నన్ను దిగనివ్వలేదక్కా." ఆమె తల తిప్పి భర్తను చూసింది. చొక్కా నిండా రక్తం, విరిగిన పన్ను. ఆ చూపులో కోపముందో జాలి ఉందో అతనికి అంతుపట్టలేదు.

నలుగురు నాలుగు రకాలుగా అనుకున్నారు. ల్యాబ్ మేడమ్ అతని చేతులు పట్టుకుని, నువ్వు చేసిందే సరైన పని అంది. డ్రమ్ముల దగ్గర కొందరు మాత్రం సొంత మనిషి పడిపోతే గట్టున కూర్చుని చూసిన మొనగాడని దెప్పారు. లోకుల నోటికి మూత పెట్టగలమా? అవన్నీ అతను చెవిన వేసుకోలేదు. అత్తగారి మాట మాత్రం గుండెల్లో దిగబడింది. "ఒక కొడుకును మింగిన గోతిని నేనేం చేయను. రెండో కొడుకు చెయ్యి సాచబోతే ఆ చెయ్యి విరిచినవాణ్ణి మాత్రం గుమ్మంలోకి రానివ్వను" అంది ఆవిడ. ఆవిడ ఇంటికి అతను పోవడం మానేశాడు. భార్య వెళ్లి వచ్చేది. వచ్చి వంట చేసి, వడ్డించి, పక్కకు తిరిగి పడుకునేది. అవసరానికి మించి మాట్లాడేది కాదు.

ఫిట్టరే అనుమతి లేకుండా దిగాడని విచారణకు వచ్చిన అధికారి ముందు మేనేజరు చెప్పాడు. అధికారి ముక్కురాజును అడిగాడు.

"నిజమే అండి, అనుమతి లేకుండానే దిగాడు. ఇక్కడ అనుమతి అడిగే పద్ధతే లేదు. ఉన్నదల్లా మధ్యలో గోడ ఒక్కటే. ఆ రోజు గోడ మీంచి గొట్టం వేశారు."

మేస్త్రీ ఏమీ దాచలేదు. తనకు ఆ రెండూ కలపకూడదని ఎవరూ చెప్పలేదన్నాడు. అదీ నిజమే. ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూతపడింది. మేనేజరును మార్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మాస్కులు, సిలిండర్లు, గ్యాసును కొలిచే చిన్న యంత్రాలు ఒక్కొక్కటే వచ్చి స్టోరులో చేరాయి.

పెద్దోడి భార్య ఒక రోజు మధ్యాహ్నం వీళ్లింటికి వచ్చింది. వరసకు ఆమె ముక్కురాజుకు చెల్లెలవుతుంది. పెళ్లయిన నాటినుంచీ అన్నయ్యా అనే పిలిచేది. ఆడపడుచు ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను. నన్ను ఊరడించడానికి చెప్పొద్దు. నువ్వు చిన్నోణ్ణి లాగేసరికి ఆయన బతికే ఉన్నాడా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య కదల్లేదు. ఇన్నాళ్లూ ఆమె అడగని ప్రశ్న అదేనని ముక్కురాజుకు అప్పుడు అర్థమైంది. లేడమ్మా, అప్పటికే పోయాడు అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నాకు తెలియదమ్మా. ఉండి ఉండొచ్చు" అన్నాడు. "బతికే ఉన్నా అప్పుడు దిగినవాడెవడూ పైకి వచ్చేవాడు కాదు. అది మాత్రం తెలుసు. నాకూ దిగాలనిపించింది. ఆ నిచ్చెన నా చేతికందే దూరంలోనే ఉంది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "లేడని చెబితే నమ్మేదాన్ని కాదు. అందరూ అదే చెబుతున్నారు" అంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "వస్తానన్నయ్యా" అంది. ఆ పిలుపు మారలేదు.

ఆ రాత్రి భార్య పక్కకు తిరగలేదు.

ఫ్యాక్టరీ మళ్లీ తెరిచేముందు పనివాళ్లందరికీ శిక్షణ పెట్టారు. అగ్నిమాపక కేంద్రం నుంచి వచ్చిన ఆయన మాస్కు తగిలించుకోవడం, కొలిచే యంత్రాన్ని తాడు కట్టి ముందు గోతిలోకి దించడం చూపించాడు. ఇలాంటి గోతుల్లో చనిపోయేవాళ్లలో చాలామంది మొదట పడినవాణ్ణి కాపాడబోయి దిగినవాళ్లేనని చెప్పాడు. ఆ తర్వాత వాసన సంగతి ఎత్తాడు. చిన్నోడు అందరికన్నా వెనక, తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. శిక్షణకు వచ్చాడేగాని అప్పటిదాకా బావతో పలకలేదు. ఎదురుపడితే దారి మార్చుకునేవాడు.

ఆ సాయంత్రం వాడు పంపుల షెడ్డులోకి వచ్చాడు. ముక్కురాజు పంపుకు గ్రీజు పెడుతున్నాడు.

"బావా, ఆ రోజు మూత దగ్గర ముందు బాగా కంపు కొట్టింది. కళ్లు కూడా మండాయి. తర్వాత ఆగిపోయింది. గాలి తేటపడింది కదా అనుకున్నా. అందుకే దిగబోయాను."

"నాకు తెలుసురా."

"మరి ఆ మాట చెప్పవేం?"

"చెప్పాను. నీ మీద కూర్చుని నీ చెవిలోనే చెప్పాను. నీకు వినబడలేదు."

చిన్నోడు గ్రీజు డబ్బా మూత అటూ ఇటూ తిప్పాడు. "అయితే అన్నయ్యకూ అంతేనా? దిగేటప్పుడు కంపు కొట్టి ఉంటుంది. ఎప్పుడూ ఉండేదే కదా అనుకుని ఉంటాడు. రెండు మెట్లు దిగాక ఆగిపోయి ఉంటుంది."

"హమ్మయ్య అనుకుని ఉంటాడు" అన్నాడు ముక్కురాజు.

అప్పుడు ఏడ్చాడు చిన్నోడు. అన్న పోయిన రోజు ఏడవనివాడు, గ్రీజు చేతులతో మొహం కప్పుకుని పంపు పక్కన చతికిలబడి, వెక్కివెక్కి ఏడ్చాడు. ముక్కురాజు పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి వాడు మొహం ఎత్తితే బుగ్గలంతా నల్లగా ఉన్నాయి. గుడ్డ తీసి ఇచ్చాడు. వాడు తుడుచుకుంటూ, "పన్ను కట్టించుకోవేం బావా? నిన్ను చూసినప్పుడల్లా నాకు ఆ పన్నే కనబడుతోంది" అన్నాడు.

"మీ అక్క కట్టించుకోమంటేగా."

"నేను చెబుతాలే."

మాస్కులు వేసుకుని దిగేందుకు కొందరిని ఎంచుకుని మరింత శిక్షణ ఇవ్వాలన్నప్పుడు చిన్నోడు తన పేరిచ్చాడు. ఇంట్లో తెలిసి అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ గోతి మొహం చూడనని ఒట్టేస్తేగాని ఊరుకోనంది. కూతురు వెళ్లి చెప్పి చూసింది, కోడలు చెప్పింది. లాభం లేకపోయింది. చివరికి చిన్నోడే తల్లి ముందు కూర్చుని అంతా విడమరిచి చెప్పాడు. ముందు గాలి కొడతారు, గ్యాసు కొలుస్తారు, వీపు మీద సిలిండరు ఉంటుంది, నడుముకు తాడు ఉంటుంది, పైన ఒక మనిషి ఆ తాడు వదలకుండా పట్టుకుని ఉంటాడు.

"ఎవడా మనిషి?" అంది ఆవిడ.

"బావ."

ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి కోడలిని పిలిచి, వీడికి అన్నం పెట్టమంది.

ముక్కురాజుకు ఆ ఇంటి గుమ్మం మాత్రం తెరుచుకోలేదు. అత్తగారు ఇప్పటికీ అతనితో మాట్లాడదు. ఏదైనా చెప్పాల్సి వస్తే కూతురితో "మీ ఆయనకు చెప్పు" అంటుంది. అదైనా చాలని అతను సరిపెట్టుకున్నాడు. కడుపుకోత ఎవరు తీర్చగలరు?

సున్నం తొట్టి జాలీకి మళ్లీ వెంట్రుకలు చుట్టుకున్నాయి. చుట్టుకోక మానవు, తోళ్ల ఫ్యాక్టరీ కదా. పంపులన్నీ ఆపారు. యాసిడ్ తొట్టి వాల్వుకు తాళం వేసి, ఎవరూ తెరవకుండా ఆ తాళంచెవి చిన్నోడి జేబులోనే పెట్టారు. బ్లోయర్ చాలాసేపు తిరిగింది. ల్యాబ్ మేడమ్ యంత్రాన్ని దించి, పైకి లాగి, అంకె చూసి, మళ్లీ దించి చూసింది. సరే అన్నాక ముక్కురాజు చిన్నోడి సిలిండరు పట్టీలు బిగించాడు. ఒకసారి లాగి చూశాడు, మళ్లీ లాగి చూశాడు.

"ఊపిరాడటం లేదు బావా, కొంచెం వదులు చెయ్యి" అన్నాడు చిన్నోడు మాస్కులోంచి. మాట గొట్టంలోంచి వచ్చినట్టుంది.

"ఆడుతుంది. దిగు."

వాడు నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. తల తొట్టి అంచు కిందికి పోయింది. ముక్కురాజు రెండు కాళ్లూ దూరంగా పెట్టి నిలబడి, తాడు కొద్దికొద్దిగా వదలసాగాడు. కింద బరువు కదిలినప్పుడల్లా అరచేతికి తెలుస్తోంది. మేడమ్ ఏదో అడిగింది. అతను తాడు మీంచి చూపు తిప్పలేదు. తొట్టిలోంచి కాస్త సున్నం వాసన, తడి తోలు వాసన, బ్లోయర్ రబ్బరు వాసన వస్తున్నాయి. అన్నీ వస్తున్నాయి. తాడు రెండుసార్లు గుంజినట్టయింది. పని అయిపోయిందని అర్థం. అతను తాడు పైకి లాగడం మొదలుపెట్టాడు.